గుర్రానికి తగిన జీను: ఫిఖ్హ్ గ్రంథాల నుంచి జంపింగ్ మైదానం వరకు

హనఫీ ధర్మశాస్త్రం చదివిన వారికి ‘హిదాయా’ గ్రంథంలోని ఇజారా (అద్దె) అధ్యాయం పరిచితమే. అందులో ఒక చిన్న సమస్య ఉంది. ఒకడు జీనుతో సహా ఒక గాడిదను స్వారీకి అద్దెకు తీసుకున్నాడు. దాని మీద ఉన్న జీను తీసివేసి వేరొక జీను వేశాడు. గాడిద చనిపోయింది. అద్దెకు తీసుకున్నవాడు యజమానికి దాని ఖరీదు చెల్లించాలా, అక్కరలేదా?

జవాబు ఒక్క ముక్కలో లేదు. కొత్తగా వేసిన జీను అటువంటి గాడిదలకు మామూలుగా వేసే రకమైతే బాధ్యత లేదు. బరువులో మొదటి దానికంటె ఎక్కువైతే మాత్రం ఆ ఎక్కువ మేరకు చెల్లించాలి. అటువంటి గాడిదలకు వేయని రకమైతే పూర్తి ఖరీదుకు బాధ్యుడు. ఇక జీను తీసి బరువులు మోయించే గంత వేస్తే? అది అటువంటి గాడిదలకు వేసే గంతే అయినా సరే పూర్తిగా బాధ్యుడేనని ఇమామ్ అబూ హనీఫా (రహ్) అన్నారు. శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్) బరువు పెరిగిన మేరకే బాధ్యత అన్నారు. గురువుగారి వాదం గమనించదగినది. జీను మనిషి కూర్చునేందుకు, గంత బరువు వేసేందుకు. అంతేగాక ఒకటి జంతువు వీపు మీద పరచుకున్నంతగా రెండవది పరచుకోదు. కనుక రెండూ ఒక జాతివి కావు.

ఇదే అధ్యాయంలో మరొక ఉదాహరణ ఉంది. ఫలానా బరువు గల ప్రత్తి మోయించుకుంటానని ఒప్పుకొన్నవాడు అంతే బరువు గల ఇనుము మోయించరాదు. ప్రత్తి వీపంతా పరచుకొంటుంది, ఇనుము ఒకచోట పోగుపడుతుంది. తక్కెడలో రెండూ సమానమే, జంతువు వీపు మీద సమానం కావు.

హిదాయా కర్త బుర్హానుద్దీన్ మర్గీనానీ హి.శ. 593లో (క్రీ.శ. 1197) మరణించారు. నేటి జీను తయారీదారులు ఒత్తిడిని కొలిచే పరికరాలు పెట్టి ప్రయత్నపూర్వకంగా చెబుతున్న సూత్రాన్ని ఈయన గాడిద కిరాయి తగాదా తీర్చే సందర్భంలో రెండు వాక్యాల్లో చెప్పారు. బరువు ఎంత అన్నది ఒక ప్రశ్న. అది ఎక్కడ పడుతుంది అన్నది వేరే ప్రశ్న. ఈ వ్యాసం రెండవ ప్రశ్న గురించి. గుర్రపు స్వారీ నేర్చుకొనే యువకులు నేడు మన నగరాల్లోనూ కనబడుతున్నారు. అడ్డంకుల మీదుగా గుర్రాన్ని దూకించే షో జంపింగ్ పట్ల వారికి మక్కువ. ఆ క్రీడకు ప్రత్యేకమైన జీను కావాలి. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు గనుక ఒకరు వాడినది మరొకరు కొంటారు. అక్కడే పొరపాట్లు జరుగుతాయి. వాటి ఫలితం అనుభవించేది నోరులేని గుర్రం.

మన భాషలో ఈ వస్తువుల పేర్లే ఒక చరిత్ర చెబుతాయి. ‘జీను’ పారశీకపు ‘జీన్’. ‘లగాము’ పారశీకమే. ‘రికాబు’ అరబీ నుంచి వచ్చింది. రికాబుకు ‘అంకవన్నె’ అనే అచ్చతెనుగు మాట నిఘంటువుల్లో ఉన్నా జనం నోట రికాబే నిలిచింది. గుర్రాలతో పాటు వాటి సరంజామా, సరంజామాతో పాటు పేర్లు దక్కనుకు చేరాయి.

తొలి ముస్లింలకు జీను అనివార్యమైన వస్తువు కాదు. ఒక రాత్రి మదీనా వాసులు ఏదో శబ్దం విని భయపడినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) అందరికంటె ముందు ఆ వైపు వెళ్ళి, చూసి, తిరిగి వచ్చి ప్రజలకు ధైర్యం చెప్పారు. ఆ సమయంలో ఆయన ఎక్కినది హజ్రత్ అబూ తల్హా (రజి) గుర్రం. దాని పేరు మందూబ్. దాని మీద జీను లేదు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ వృత్తాంతం సహీహ్ బుఖారీలో ఉంది. నడకలో మందకొడిదని పేరుపడిన ఆ గుర్రాన్ని ఆయన సముద్రంతో పోల్చారు.

హజ్రత్ ఉమర్ (రజి) అజర్‌బైజాన్‌లో ఉత్బా బిన్ ఫర్ఖద్ (రజి) నాయకత్వాన ఉన్న సైన్యానికి వ్రాసిన లేఖ కూడా హదీసు గ్రంథాల్లో ప్రసిద్ధమే. అందులో పట్టు వస్త్రాల నిషేధంతో పాటు ఇతర ఉపదేశాలు ఉన్నాయి. ముస్నద్ అహ్మద్ మొదలైన వాటిలోని పాఠం ప్రకారం, రికాబులు వదిలివేసి గుర్రాల మీదికి దూకి ఎక్కమని ఆయన ఆజ్ఞాపించారు. దీని నుంచి రెండు సంగతులు తెలుస్తాయి. అప్పటికి రికాబులు వాడుకలో ఉన్నాయి. వాటి మీద ఆధారపడితే రౌతు ఒళ్ళు మొద్దుబారుతుందన్న ఆందోళన కూడా ఉంది.

అయితే యుద్ధం ఉపదేశం కంటె కఠినమైన గురువు. అప్పటి రికాబులు తోలువో చెక్కవో. అజారిఖా ఖవారిజ్‌లతో హి.శ. 65 తరువాత (క్రీ.శ. 684 తరువాత) ఏళ్ళ తరబడి సాగిన పోరాటంలో చెక్క రికాబులు విరిగిపోయేవి, రౌతు ఈటెతో పొడవబోయినా కత్తి ఎత్తినా కాలికింద ఆధారం ఉండేది కాదు. ఆ యుద్ధాలకు సేనాని అయిన ముహల్లబ్ బిన్ అబీ సుఫ్రా ఇనుప రికాబులు చేయించాడు. ముస్లింలలో ఆ పని మొదట చేసినవాడు అతడేనని ముబర్రద్ తన ‘అల్ కామిల్’లో వ్రాశాడు. అరబ్బుల గుర్రపుస్వారీని ఎగతాళి చేసిన షుఊబీలకు జవాబిస్తూ జాహిజ్ (మరణం హి.శ. 255) కూడా ‘అల్ బయాన్ వత్తబయీన్’లో ఈ జీనుల, రికాబుల చర్చ చేశాడు.

రికాబు వచ్చాక జీను పని మారిపోయింది. వట్టి వీపు మీద కూర్చున్న మనిషి బరువు అతని తొడలూ పిరుదులూ ఆనిన మేర పరచుకొంటుంది. రికాబుల మీద లేచి నిలబడినప్పుడు ఆ బరువంతా రెండు తోలు వారుల గుండా దిగి, ఆ వారులు తగిలించిన రెండు చోట్లకు చేరుతుంది. జీను లోపల గట్టి చట్రం లేకపోతే ఆ రెండు చోట్లా వీపు నలిగిపోతుంది. చెక్క చట్రం ఆ బరువును అందుకొని వెన్నెముకకు రెండు పక్కలా ఉన్న కండ మీద పంచాలి. వెన్నెముక మీద మాత్రం ఏమీ ఆనకూడదు. మర్గీనానీ మాటల్లో చెప్పాలంటే ఇనుమును ప్రత్తిగా మార్చడమే చట్రం పని. చట్రం గుర్రం వీపుకు సరిపోకపోతే ప్రత్తి తిరిగి ఇనుమవుతుంది.

సరిపోని జీను వల్ల పడే పుండుకు అరబీలో ‘దబరా’ అని పేరు. వేరే పేరే పెట్టుకున్నారంటే అది ఎంత తరచు కనబడేదో ఊహించవచ్చు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక ఒంటె వీపు మీది దబరాలో చేయి పెట్టి చూసి, నీ బాధ గురించి నన్ను ప్రశ్నిస్తారేమోనని భయపడుతున్నానని అన్నట్లు ఇబ్ను సఅద్ ‘తబఖాత్’లో ఉంది. ఖలీఫా చేయి పెట్టినది పుండులో. పరిపాలకుని జవాబుదారీతనం గురించి మన ఉపన్యాసకులు ఎన్నో సంఘటనలు చెబుతారు గాని, ఎందుచేతనో ఇది అంతగా వినబడదు.

ఆయన మునిమనుమడైన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్) ఖిలాఫతు (హి.శ. 99–101) కాలంలో టపా గుర్రాలకు బరువైన కళ్ళేలు వేయరాదని, కొసన ఇనుము బిగించిన ముల్లుకర్రతో పొడవరాదని ఉత్తర్వు వెళ్ళింది. ఈజిప్టులో ఒంటె మీద 600 రతళ్ళకు మించి వేయరాదని మరొకటి. వీటికి మూలం దైవప్రవక్త (స) ఉపదేశాల్లో ఉంది. ఆకలితో కడుపు వీపుకు అంటుకుపోయిన ఒంటెను చూసి, నోరులేని ఈ పశువుల విషయంలో అల్లాహ్‌కు భయపడండని, సరియైన స్థితిలో ఉన్నప్పుడే వాటిని ఎక్కండని ఆయన హెచ్చరించారు. వాహన జంతువుల వీపులను ప్రసంగ వేదికలుగా చేసుకోవద్దన్నారు. ఈ రెండు హదీసులూ అబూ దావూద్‌లో ఉన్నాయి. తరువాతి కాలంలో ఇది వ్యవస్థగా మారింది. శక్తికి మించి పశువును వాడుకునే యజమానిని అడ్డుకొనే అధికారం ముహ్తసిబ్‌కు ఉందని మావర్దీ (మరణం హి.శ. 450) ‘అల్ అహ్కాముస్సుల్తానియ్యా’లో వ్రాశారు. ముహ్తసిబ్ అంటే బజారును, ప్రజా నడవడిని కనిపెట్టి ఉండే అధికారి. షైజరీ, ఇబ్నుల్ ఉఖువ్వా ముహ్తసిబ్‌ల కోసం వ్రాసిన కరదీపికల్లో నాడాలు కొట్టి పశువైద్యం చేసే బైతార్‌లకు ప్రత్యేక అధ్యాయాలే ఉన్నాయి.

ఇక రౌతు సంగతి. జీను గుర్రానికి మాత్రమే సరిపోతే చాలదు. ఎక్కేవాని శరీరానికీ, అతడు చేసే పనికీ సరిపోవాలి. అబ్బాసీల అశ్వశాలల అనుభవంతో వ్రాసిన ఇబ్ను అఖీ హిజామ్ (క్రీ.శ. 9వ శతాబ్దం) మొదలు ఫురూసియ్యా రచయితలు వట్టి వీపు స్వారీని అన్నిటికీ పునాదిగా పరిగణించారు. మమ్లూక్ సుల్తానుల కాలపు ఈజిప్టులో కొత్తగా చేరిన కుర్రవాణ్ణి నేరుగా గుర్రం ఎక్కించేవారు కాదు. ముందు కొయ్యతోనో మట్టితోనో చేసిన గుర్రం బొమ్మ మీదికి దూకి ఎక్కడం, తరువాత దాని మీద జీను పెట్టి దూకడం, తరువాత నిజమైన గుర్రం, అదీ మొదట ఒక గొంగడి మాత్రం కప్పి, ఆఖరున జీను. రౌతుకు తన ఒంటి తూకం తెలిసిన తరువాతే జీను అతని చేతికి వచ్చేదన్నమాట. నేటి శిక్షణ కేంద్రాల్లో చాలామంది మొదటి రోజే జీను మీద కూర్చుని, జీను మంచిదో చెడ్డదో తెలుసుకొనే జ్ఞానం అలవడకుండానే కొనుగోలుకు బయలుదేరుతున్నారు.

మమ్లూకుల కాలంలోనే జీను హోదాకు గుర్తు కూడా అయింది. బంగారు జరీ పని చేసిన జీను కప్పును, ‘గాషియా’ అనే దాన్ని, ఊరేగింపుల్లో సుల్తాను ముందు మోసుకుపోయేవారు. కైరోలో కళ్ళేలు, జీనులు అమ్మే బజారును మఖ్రీజీ వర్ణించాడు. జరీని చూసి జీను కొన్న అమీరులు అప్పుడు లేకపోలేదు. పేరుమోసిన కంపెనీ ముద్ర చూసి కొనేవారు ఇప్పుడు లేకపోలేదు. గుర్రం వీపుకు రెండూ కనబడవు.

అందలూసియా చరిత్రలో ఒక మార్పు మన విషయానికి దగ్గరగా వస్తుంది. గ్రెనడా సైనికులు ఒకప్పుడు ఇరుగుపొరుగు క్రైస్తవ రాజ్యాల వారి మాదిరే పొడవైన కవచాలు, మోటైన జీనులు వాడేవారనీ, తన కాలానికి అవి వదిలివేసి పొట్టి కవచాలు, తేలికైన శిరస్త్రాణాలు, అరబ్బు జీనులు పట్టారనీ ఇబ్నుల్ ఖతీబ్ (మరణం హి.శ. 776) ‘అల్ ఇహాతా’లో నమోదు చేశాడు. వారి మధ్య మగ్రిబ్ నుంచి వచ్చిన జనాతా తెగ బర్బర్ యోధులు ఉన్నారు. పొట్టి రికాబులు, వంచిన మోకాళ్ళు, చప్పున మళ్ళే తేలిక గుర్రాలు వారివి. బరువైన కవచంతో కాళ్ళు చాచి, పొడవు రికాబులతో కూర్చునే యూరపు సామంతుల పద్ధతికి ఇది పూర్తిగా భిన్నం. స్పెయిన్ వారు దీనిని చూసి నేర్చుకొని జనాతా పేరుతోనే ‘హినెతా’ అన్నారు. స్పానిష్ భాషలో రౌతుకు నేటికీ వాడే మాట ఆ తెగ పేరు నుంచి వచ్చినదే.

దూకే జీను మాత్రం ముస్లిం ప్రపంచంలో పుట్టలేదు. అడ్డంకులు పేర్చి దూకించే పోటీ 19వ శతాబ్దపు యూరపుది. ఒలింపిక్స్‌లో అది మొదట 1900లో పారిస్‌లో కనబడి, 1912 నుంచి స్థిరపడింది. అప్పటి దాకా యూరపు రౌతులు గుర్రం దూకేటప్పుడు పొడవు రికాబులతో వెనక్కి వాలేవారు. బరువంతా గుర్రం నడుము మీద పడి, నోట్లో కళ్ళెం గుంజుకుపోయేది. ఇటలీ అశ్వికదళాధికారి ఫెదెరికో కాప్రిల్లీ (1868–1907) దీన్ని తలక్రిందులు చేశాడు. రికాబులు పొట్టివి చేసి, దూకేటప్పుడు రౌతు పిరుదులు జీను నుంచి లేపి, ముందుకు వంగి, గుర్రం బరువు ఎక్కడ కేంద్రీకృతమైతే తానూ అక్కడే ఉండాలన్నాడు. జనాతా నుంచి కాప్రిల్లీకి సూటిగా వారసత్వం చూపించబోవడం అతిశయోక్తే. కాని పొట్టి రికాబు అనేది బలహీనత కాదని ముస్లిం రౌతులకు శతాబ్దాల క్రితమే తెలుసు. ఆధునిక పోటీల్లోకి వారు ఆలస్యంగా వచ్చినా మంచి ఫలితాలే సాధించారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో సౌదీ అరేబియా రౌతు ఖాలిద్ అల్ ఈద్ వ్యక్తిగత జంపింగ్‌లో కాంస్యం గెలిచాడు. 2012 లండన్‌లో సౌదీ జట్టుకు కాంస్యం వచ్చింది.

కాప్రిల్లీ పద్ధతి వల్ల జీను ఆకారం మారింది. రికాబు పొట్టిదైతే మోకాలు ముందుకు వస్తుంది. దానికి చోటిచ్చేందుకు పక్కన వ్రేలాడే తోలు రెక్క ముందుకు కోసి ఉంటుంది. దూకే క్షణంలో రౌతు జీను మీద కూర్చుని ఉండడు. ముహల్లబ్ సైనికుని వలె రికాబుల మీద నిలబడి ఉంటాడు. అంటే బరువంతా రికాబు వారులు తగిలించే రెండు కడ్డీల మీద, అనగా చట్రం ముందు భాగం మీద పడుతుంది. సరిగ్గా ఆ చోటనే గుర్రం భుజఫలకాలు ముందుకూ వెనక్కూ కదులుతూ ఉంటాయి. నిదానంగా నడిపించేటప్పుడు బయటపడని చిన్న లోపం దూకేటప్పుడు గాయమయ్యేది ఇందువల్లనే.

ఇక వాడిన జీను కొనే విషయం. ఇక్కడ ఫిఖ్హ్ మళ్ళీ మనకు తోడు వస్తుంది. ఇమామ్ గజాలీ (రహ్) ‘ఇహ్యా’లో ఒక సంఘటన చెప్పారు. ఒకడు తన ఒంటెను 300 దిర్హములకు అమ్మాడు. అక్కడే ఉన్న హజ్రత్ వాసిలా బిన్ అస్ఖా (రజి) ఆ సమయంలో పరధ్యానంగా ఉండి, తరువాత గుర్తు వచ్చి కొన్నవాని వెంట పరుగెత్తారు. ఈ ఒంటెను మాంసానికి కొన్నావా, స్వారీకా అని అడిగారు. స్వారీకి అని అతడు చెప్పగా, దీని పాదంలో రంధ్రం ఉంది, ఎడతెగని ప్రయాణానికి ఇది ఆగదని తెలిపారు. కొన్నవాడు వెనక్కి వచ్చాడు. అమ్మినవాడు 100 దిర్హములు తగ్గించుకోవలసి వచ్చి, నా బేరం చెడగొట్టావని వాపోయాడు. ప్రతి ముస్లిం మేలు కోరతామని దైవప్రవక్త (స)కు మేము మాట ఇచ్చామన్నది వాసిలా (రజి) జవాబు. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది ఆ మొదటి ప్రశ్న. మాంసానికైతే ఆ రంధ్రం లోపమే కాదు. వస్తువు దేనికి అన్నది తెలియకుండా అది మంచిదో కాదో చెప్పలేము.

వాడిన జీనులో లోపాలు రెండు విధాలు. ఒకటి జీనులోనే ఉన్న లోపం: చట్రం విరగడం, రికాబు కడ్డీ వదులవడం, తంగు బిగించే పట్టీలు చివికిపోవడం. వ్యాపారుల వాడుకలో ఖరీదు తగ్గించేదేదైనా ‘ఐబ్’ అని హిదాయా నిర్వచనం. ఇవన్నీ ఆ కోవలోనివే. ముందే ఉండి, కొన్నవానికి తెలియనిదైతే వస్తువు తిప్పి ఇచ్చే హక్కు అతనికి ఉంది. ఈలోగా తన చేతిలో మరో లోపం చేరితే, ఉదాహరణకు పట్టీలకు అదనంగా బెజ్జాలు పొడిపిస్తే, తిప్పి ఇచ్చే హక్కు పోయి, ఖరీదులో తేడా మాత్రమే రాబట్టుకోగలడు. లోపం తెలిసిన తరువాత కూడా తన అవసరానికి వాడుకుంటూ పోతే అంగీకరించినట్లే లెక్క. ఏ లోపానికీ నాకు పూచీ లేదు అని చెప్పి అమ్మే బేరాన్ని హనఫీలు చెల్లుబాటుగా పరిగణించారు. అయినా తెలిసిన లోపం దాచిపెట్టి అమ్మడం ముస్లింకు తగదని హదీసు ఉండనే ఉంది.

రెండవ విధం, జీనులో ఏ లోపమూ లేదు, మీ గుర్రానికి సరిపోదు. ఇది ఐబ్ కాదు! అమ్మినవాడు మోసం చేయలేదు, దాచలేదు. వేరొక గుర్రం మీద అదే జీను దివ్యంగా కూర్చుంటుంది. అత్యధిక సందర్భాల్లో వచ్చే చిక్కు ఇదే, తిప్పి ఇచ్చే హక్కు లేనిదీ దీనికే. కనుక కొనేవాడు ఆశ్రయించవలసింది ఖియారుష్షర్త్‌ను, అంటే గడువు పెట్టి కొనడాన్ని. బేరాల్లో తరచు మోసపోయే ఒక సహాబీకి దైవప్రవక్త (స) మూడు రోజుల గడువు కోరమని నేర్పారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్) ఈ గడువు మూడు రోజులకు మించరాదన్నారు. శిష్యులిద్దరూ నిర్ణీతమైనంత కాలం ఎంతైనా ఉండవచ్చన్నారు. గడువులో ఉండగా నడక తెలుసుకునేందుకు పశువును ఒకసారి ఎక్కి చూసినంత మాత్రాన హక్కు పోదని కూడా ఫుఖహాలు వివరించారు. ఫొటో చూసి దూరప్రాంతం నుంచి జీను తెప్పించే వారికి ఖియారుర్రుయా, అంటే చూడకుండా కొన్నది చూసిన తరువాత వద్దనే హక్కు, హనఫీ ఫిఖ్హ్‌లో ఉంది. అయినా కళ్ళతో చూసినంతలో అది వీపు మీద ఎలా కూర్చుంటుందో తెలియదు గనుక, మూడు రోజుల షరతును మాటగా కాక కాగితం మీద పెట్టుకోవడం మేలు.

గడువు దొరికిన తరువాత ఏం చూడాలి? ముందు చట్రం. జీను ముందు కొమ్మును తొడకు ఆనించి, వెనుక గట్టును రెండు చేతులా మీ వైపు లాగండి. కొద్దిగా వంగి తిరిగి లేవడం స్ప్రింగు చట్రాల లక్షణం. కిర్రుమన్నా, కూర్చునే తోలు మధ్యలో లోతుగా ముడతపడినా, ఒక పక్క ఎక్కువగా వంగినా చట్రం విరిగినట్లు అనుమానించాలి. అటువంటి దానిని ఎంత చౌకగా ఇచ్చినా ముట్టుకోవద్దు. తరువాత జీనును బోర్లించి వెనుక నుంచి చూడండి: రెండు మెత్తలు ఒకే మందంలో ఉన్నాయా, వాటి మధ్య సందు మొదటి నుంచి చివరి దాకా కనీసం మూడు వేళ్ళు పట్టేంత ఉందా అని. మెత్తల్లో కూరినది ఉన్ని అయితే గడ్డకట్టినా తీసి తిరిగి కూర్పించవచ్చు. ఫోమ్ అయితే ఆ వీలు లేదు. సైన్యం కోసం 1857 తరువాతి సంవత్సరాల్లో కాన్పూరులో జీనుల కర్మాగారం ఏర్పడింది. అప్పటి నుంచి ఆ నగరం ఈ వృత్తికి పేరుపొందింది. జీను పని తెలిసిన అటువంటి చేతికి చూపించి గాని బేరం ముగించవద్దు.

గుర్రం వీపు మీద జీనును కింద గుడ్డ లేకుండా పెట్టాలి. మూపు మీద కాస్త ముందుకు పెట్టి, అది తనంతట ఆగేదాకా వెనక్కి జరపండి. చట్రం కొనలు భుజఫలకం వెనుక పడాలి. రౌతు ఎక్కిన తరువాత కూడా మూపుకూ జీను కొమ్ముకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు మిగలాలి. మెత్తలు వీపు పొడవునా ఆనాలి. ముందూ వెనుకా ఆని మధ్యలో తేలితే బరువు నాలుగు మూలలా పోగుపడుతుంది, ఫుఖహాలు చెప్పిన ఇనుము మాదిరిగా. బరువు మోసే భాగం చివరి పక్కటెముకను దాటరాదు. గుర్రానికి సాధారణంగా 18 జతల పక్కటెముకలు. అరబ్బు జాతి గుర్రాల్లో కొన్నిటికి 17 జతలే. పొట్టి వీపు గల ఆ గుర్రాల మీద యూరపు గుర్రాలకు కుట్టిన పొడవు జీను పెట్టి, నడుము నొప్పితో గుర్రం దూకనంటే మొండిదని కొట్టడం జరుగుతున్నది. ఇరుకైన జీను కింద మందపు మెత్తలు దోపి సరిచేశామనుకోవడం మరొక పొరపాటు. అది ఇరుకైన చెప్పులో గుడ్డ కుక్కి నడవడం వంటిదే.

సరిపోని జీను రౌతు వైపు నుంచి కూడా గుర్రానికే తగులుతుంది. కూర్చునే చోటు కొలతను ముందు కొమ్ము పక్కనున్న మేకు తల నుంచి వెనుక గట్టు మధ్యకు అంగుళాల్లో చెబుతారు. పెద్దలకు మామూలుగా 16½ నుంచి 18. కూర్చున్నాక వెనుక నాలుగు వేళ్ళ చోటు మిగలాలి. కొలత చిన్నదైతే రౌతు గట్టు మీదికి నెట్టబడి, బరువు గుర్రం నడుము మీదికి పోతుంది. తొడ పొడవైన వారికి తోలు రెక్క ఇంకా ముందుకు ఉండాలి. లేకపోతే రికాబు పొట్టిది చేయగానే మోకాలు రెక్క అంచు దాటిపోతుంది. అలాగని భుజం మీదికి మరీ చొచ్చుకుపోయిన రెక్క గుర్రం అడుగును అడ్డుకొంటుంది. ఈ రెండింటి మధ్య రాజీ కుదరకపోతే ఆ రౌతుకూ ఆ గుర్రానికీ అది కాని జీను.

ఉర్దూ కవి సఆదత్ యార్ ఖాన్ రంగీన్ 1795లో రచించిన ఫరస్‌నామా వంటి మన దేశపు అశ్వగ్రంథాలు గుర్రం ఒంటి మీది సుళ్ళ శకునాలకు ఎన్నో పుటలు కేటాయించాయి. ఏ సుడి యజమానికి చేటు, ఏది భాగ్యం అన్న ఆ చర్చకు ధర్మంలోనూ పశువైద్యంలోనూ ఆధారం లేదు. ఒంటి మీద చూడవలసిన గుర్తు వేరే ఉంది. మూపుకు ఇరువైపులా గాని, వీపు మీద గాని తెల్ల వెంట్రుకల మచ్చ ఉంటే అక్కడ ఒకప్పుడు జీను ఒత్తిడికి చర్మం దెబ్బతిన్నదని అర్థం. గుర్రం కొనేటప్పుడు ఆ మచ్చ చూడండి. దాని మీద వేసిన జీను కూడా కలిపి అమ్ముతామంటే మరీ జాగ్రత్తగా చూడండి.

మూడు రోజుల గడువులో గుర్రాన్ని చెమట పట్టేదాకా నడిపి, పరుగెత్తించి, రెండు చిన్న అడ్డంకులు దూకించి, జీను తీసి వీపు చూడాలి. వెన్నెముకకు రెండు పక్కలా చెమట గుర్తు సమానంగా ఉండాలి. తడి మధ్యలో అరచేతి వెడల్పున పొడి మచ్చ కనబడితే అక్కడ ఒత్తిడి విపరీతంగా ఉండి ఉండాలి, లేదా జీను అసలు ఆనకనే పోయి ఉండాలి. ఏదన్నది వేళ్ళతో ఒత్తి చూస్తే తెలుస్తుంది: గుర్రం వీపు కిందికి కుంగదీసినా, చెవులు వెనక్కి వాల్చినా ఒత్తిడే. మరునాడు ఉదయం అదే చోట తడిమి, వాపు ఉన్నదేమో చూసి, అప్పుడు డబ్బు చెల్లించాలి. ఆ తరువాత కూడా ఆరు నెలలకొకసారి ఈ పరీక్ష చేస్తూ ఉండాలి. కూర్చిన ఉన్ని అణగుతుంది, మేతను బట్టి, పనిని బట్టి గుర్రం వీపు కండ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, నిరుడు సరిపోయిన జీను ఈ ఏడు సరిపోకపోవచ్చు.